తండ్రి ఒడి: ‘ఊరుభంగం’లో నాటకశిల్పం
(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)



పండుగపూట చావు కథ ఏమిటని మా ఇంట్లోనే అడిగారు. పచ్చడిలో వేపపువ్వు వేసినవారే ఆ ప్రశ్న అడగడం విశేషం. అదీగాక, బళ్ళారిలో తెలుగువాళ్ళు కూడిన సభలో విషాదనాటకం మాట ఎత్తడానికి ఒక హక్కు కూడా ఉన్నది. ఈ ఊళ్ళోనే 1886లో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు సరసవినోదినీ సభను నెలకొల్పారు. తెలుగులో తొలి విషాదాంత నాటకమని పేరుపొందిన ‘విషాదసారంగధర’ వారిదే. నాటకం శుభంతో ముగియాలి, రంగస్థలం మీద చావు చూపరాదు అన్న మాటను వేదవాక్కుగా భావించే కాలంలో ఆయన ఆ పని చేశారు. ఆచార్యులవారు కీర్తిశేషులైన 1912లోనే తిరువనంతపురంలో టి. గణపతిశాస్త్రిగారు, మలయాళ లిపిలోని తాటాకు ప్రతుల నుంచి భాసుని నాటకాలను అచ్చు వేయించడం మొదలుపెట్టారు. వాటిలో ఒకటి ‘ఊరుభంగం’. సంస్కృతంలో నాయకుడు రంగం మీదే ప్రాణం విడిచే నాటకం! ఆచార్యులవారు ‘సారంగధర’ రాసేనాటికి అది అచ్చులో లేదు. ఉండి ఉంటే తమను తప్పుపట్టినవారికి చూపించడానికి ఆయనకు ఒక పెద్దదిక్కు దొరికి ఉండేది.

ఆ పదమూడు నాటకాలూ భాసుడివేనా, కాదా అని పండితులు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. ఆ వాదంలోకి నేను దిగను. నాటకం మన చేతిలో ఉన్నది, అది చాలు.

కథ మీ అందరికీ తెలిసిందే. భీమదుర్యోధనుల గదాయుద్ధం, తొడలు విరగడం, దుర్యోధనుని మరణం. తెలిసిన కథతో ప్రేక్షకుణ్ణి కూర్చోబెట్టడం కష్టం. ఏం జరుగుతుందో ముందే తెలుసు గనుక, ఎట్లా జరుగుతుందో అన్నదాని మీదే కవి బతకాలి. ఉపమానం, వ్యంగ్యం, మాట విరుపు, ఒక పాత్ర పక్కన మరొక పాత్రను నిలబెట్టడం, ఏది రంగం మీద చూపాలి, ఏది చెప్పించి వదిలేయాలి అనే నిర్ణయం, ఇవి కవి చేతిలోని పనిముట్లు. బడిలో వీటిని అలంకారాలని బట్టీ పట్టిస్తారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుని మరచిపోతాము. నిజానికి వడ్రంగికి ఉలి ఎట్లాంటిదో కవికి ఇవి అట్లాంటివి. ఉలిని చూసి ముచ్చటపడితే ప్రయోజనం లేదు. అది చెక్కిన తలుపును చూడాలి.

మొదట ముగ్గురు సైనికులు వస్తారు. కురుక్షేత్రాన్ని చూస్తూ వర్ణిస్తారు. ఈ వర్ణన పొడుగని కొందరు ప్రదర్శకులు కత్తిరిస్తారు. అది పొరపాటని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ వర్ణనలో యుద్ధభూమి ఒక యజ్ఞశాల అవుతుంది. ఏనుగుల తొండాలు యూపస్తంభాలు, పరచుకున్న బాణాలు దర్భలు, రగిలే వైరం హోమాగ్ని, వీరుల కేకలు మంత్రాలు. అంతవరకూ విని, బాగుంది అనుకుంటాము. అంతలో నేలకూలిన మనుషులే ఆ యజ్ఞంలో బలిపశువులని వస్తుంది. అక్కడ ఉపమానం మన చేయి కాలుస్తుంది. యజ్ఞం పవిత్రమైనదే, కాదనము. పశువును అడిగి చూస్తే ఏమంటుంది? నాటకమంతా ఆ పశువు వైపు నిలబడి చెప్పబోతున్నారని ఆ ఒక్క పోలికతో మనకు తెలిసిపోతుంది. యుద్ధంలో ఎవరిది ధర్మం అన్న ప్రశ్న పక్కకు జరిగి, ఎవరు మిగిలారు అన్న ప్రశ్న ముందుకు వస్తుంది.

గదాయుద్ధాన్ని కూడా ఆ సైనికులే చూసి చెబుతారు. ఇదొక చమత్కారం. నాటకంలో అసలు పోరు కనబడదు. భీముడు రంగం మీదికే రాడు. కృష్ణుడూ రాడు. గెలిచినవాళ్ళెవరూ మనకు కనబడరు. సైనికుల మాటల్లోనే దుర్యోధనుడు భీముణ్ణి కొట్టి పడగొట్టడమూ, పడినవాణ్ణి చంపడం వీరుని పని కాదని, భయపడవద్దని, గద దించి ఎగతాళిగా నిలబడడమూ వింటాము. ఆ ఎగతాళిలో గర్వమున్నది, నియమమూ ఉన్నది. రెండూ ఒకే మనిషివి. అంతలో కృష్ణుడు తన తొడను తాను చరుచుకుని భీమునికి సైగ చేస్తాడు. నాటకంలో తొడ మన దృష్టికి రావడం అక్కడే, ఇంకొకరి తొడగా, ఒక సంజ్ఞగా. ఆ చప్పుడు చెవిలో పెట్టుకోండి, మళ్ళీ పని ఉన్నది.

తరువాత బలరాముడు నాగలి పట్టుకుని మండిపడుతూ వస్తాడు. శిష్యునికి అన్యాయం జరిగిందని ఆయన కోపం. అప్పుడు దుర్యోధనుడు రంగం మీదికి ప్రవేశిస్తాడు. ఎట్లా? నడిచి కాదు. రెండు చేతులూ నేలకు ఊని, నెత్తురూ దుమ్మూ పట్టిన శరీరాన్ని ఈడ్చుకుంటూ. మన పద్యనాటకాల్లో దుర్యోధనుని ప్రవేశం ఎట్లా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. మీసం మెలివేసి, గద భుజాన పెట్టి, హార్మోనియం శ్రుతి అందుకుని రాగం తీస్తే చప్పట్లు ఆగవు. భాసుడు ఆ రాజును పురుగులా పాకించి తీసుకువచ్చాడు. ఆ స్థితిలో అతణ్ణి చూసిన బలరామునికి సముద్రమథనం ముగిశాక దేవతలూ అసురులూ అలసి వదిలేసిన వాసుకి గుర్తుకు వస్తాడు.

ఈ పోలిక దగ్గర కాస్త ఆగుతాను. దుర్యోధనుని ధ్వజం మీద పాము గుర్తు. కనుక పాముతో పోల్చడం సహజమే. కానీ ఎన్నో పాములుండగా వాసుకినే ఎందుకు ఎంచుకున్నాడు? వాసుకి తనకోసం కవ్వం తిప్పలేదు. రెండు వైపులవాళ్ళూ పట్టి లాగారు. అమృతం ఎవరో తాగారు. తాడు మాత్రం ఒరిసిపోయి ఒడ్డున పడింది. ఇన్నాళ్ళూ కర్తగా కనిపించిన మనిషిని కవి ఒక్క పోలికతో పనిముట్టుగా మార్చేశాడు. దుర్యోధనుడు నిర్దోషి అని ఎక్కడా చెప్పలేదు. చెప్పకుండానే మన కోపంలో సగం తీసేశాడు.

ఆ పడివున్న మనిషి గురువుకు నమస్కరించి, ఆయన కోపాన్ని ఆపుతాడు. తన పగ తీర్చమని అడగడు. కురువంశానికి తర్పణం విడిచే మేఘాలు బతకనీయమంటాడు. మేఘాలంటే ఎవరనుకున్నారు? పాండవులు! వంశంలో నీళ్ళు వదలడానికి మిగిలింది వాళ్ళే. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నవాడి నోట ఆ దాయాదులకు మేఘాలన్న పేరు రావడం చూడండి. మారిన మనసును కవి వివరించలేదు. ఒక రూపకం చేయించాడు. అట్లాగని గర్వం పోయిందా అంటే, పోలేదు. నిన్ను మోసం చేశారని బలరాముడు అంటే, మోసంతో పడ్డానని మీరు ఒప్పుకుంటే నేను ఓడనట్టే గదా అని తృప్తిపడతాడు. మనిషి పూర్తిగా మారడు. ఒక పక్క మారతాడు, ఇంకో పక్క ఎప్పటివలెనే ఉంటాడు. భాసునికి ఆ సంగతి బాగా తెలుసు.

ఇక అసలు ఘట్టానికి వస్తాను.

వ్యాసభారతంలో దుర్యోధనుడు పడిన చోటికి తల్లిదండ్రులు ఆ సమయాన రారు. స్త్రీపర్వంలో, అంతా అయిపోయిన తరువాత వస్తారు. భాసుడు వాళ్ళను ముందే రప్పించాడు. గుడ్డి తండ్రి, కళ్ళకు గంతలు కట్టుకున్న తల్లి, ఇద్దరు భార్యలు మాలవి, పౌరవి, వాళ్ళతో ఒక పసివాడు దుర్జయుడు. దుర్యోధనుని కొడుకంటే మనకు తెలిసినవాడు అభిమన్యుని చేతిలో చచ్చిన లక్ష్మణకుమారుడు. 1957లో ‘మాయాబజార్’ వచ్చిన దగ్గరనుంచీ ఆ పేరు వింటే రేలంగిగారే కళ్ళముందు మెదిలి నవ్వు వస్తుంది గనుక, ఈ నాటకానికి వేరే పిల్లవాడు ఉండడం మన అదృష్టం. పేరు చూడండి, దుర్జయుడు, జయించ శక్యంకానివాడు. తాత పై బట్ట చెంగు పట్టుకుని దారి చూపిస్తున్న ఆ పసివాడికి ఆ పేరు! పేరుతోనే కవి వ్యంగ్యం మొదలుపెట్టాడు.

నడిచి నడిచి పిల్లవాడు అలసిపోయానంటాడు. వెళ్ళి మీ నాన్న ఒడిలో కాసేపు పడుకో నాయనా అంటాడు తాత.

అక్కడ కూర్చున్న ప్రేక్షకుడి గుండె ఆగుతుంది. తొడలు విరిగాయని మనకు తెలుసు. తాతకు కనబడదు. పిల్లవాడికి తెలియదు. మాట అన్నవాడు ప్రేమతో అన్నాడు, విన్నవాడు సంతోషంతో పరుగెత్తాడు. మధ్యలో మనం మాత్రమే నిజం తెలిసి చేతులు కట్టుకుని కూర్చున్నాము. మన లాక్షణికులు పతాకాస్థానమని ఒకటి చెప్పారు. ఒకరు ఒక ఉద్దేశంతో అన్న మాటకు, లేక ఎక్కడినుంచో వచ్చిపడిన మాటకు, కథలో ముందు జరగబోయే అర్థం తగులుకోవడం. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ కూడా ఈ తొడల మీదనే ఉన్నది. భట్టనారాయణుని ‘వేణీసంహారం’లో దుర్యోధనుడు భార్యతో సరసమాడుతూ తన తొడల మాట ఎత్తగానే, కంచుకి గాబరాగా వచ్చి విరిగింది, విరిగింది అంటాడు. గాలికి విరిగింది రథం మీది ధ్వజం. మనకు వినిపించింది వేరు. చాలా తెలివైన పని, ఒప్పుకుంటాను. కానీ అది తెలివే. విని ఉలిక్కిపడి, కవిని మెచ్చుకుంటాము. భాసుని చోట కవి గుర్తుకే రాడు. పిల్లవాడు గుర్తుంటాడు.

పిల్లవాడు తండ్రిని కనుక్కుంటాడు. మహారాజు నేల మీద ఎందుకు కూర్చున్నాడని ఆశ్చర్యపోతాడు. ఒడిలోకి ఎక్కబోతాడు. తండ్రి వారిస్తాడు. ఎందుకు వద్దంటున్నావని పిల్లవాడు అడుగుతాడు. దానికి తండ్రి ఇచ్చే జవాబులో తొడ అన్న మాట లేదు, గద లేదు, భీముడు లేడు. నీకు అలవాటైన ఆ ఆసనం ఈవేళ్టినుంచి లేదు, ఇంకెక్కడైనా కూర్చోమంటాడు. అంతే. ఎక్కడికో వెళుతున్నానంటే, నన్నూ తీసుకుపొమ్మంటాడు పిల్లవాడు. వెళ్ళి ఆ మాట భీముడితో చెప్పుకోమంటాడు తండ్రి. నాటకమంతటిలోనూ భీముని మీద అతను విసిరిన పదునైన బాణం ఇదేనని నాకు తోస్తుంది. కోపం లేదు, తిట్టు లేదు.

సంస్కృతంలో అంకమంటే ఒడి. నాటకంలోని భాగానికీ అంకమనే పేరు. ఊరుభంగం ఏకాంకిక. ఒకే అంకమున్న నాటకంలో, ఒడి లేకుండాపోయిన తండ్రి కథ. కవి ఈ శ్లేషను ఉద్దేశించాడో లేదో నేను పూచీపడను. తెలుగువాణ్ణి గనుక శ్లేష కనబడితే ఊరుకోలేక చెప్పాను.

ఇప్పుడు ఆ తొడల లెక్క చూడండి. తల్లిదండ్రుల గొంతు విని దుర్యోధనుడు లేచి నమస్కరించబోయి పడిపోతాడు. తన తొడలతోపాటు తండ్రి పాదాలకు మొక్కే భాగ్యాన్ని కూడా భీముడు ఎత్తుకుపోయాడని వాపోతాడు. పైతరానికి మొక్కలేడు, కింది తరాన్ని ఎత్తుకోలేడు. తొడ అంటే ఇక్కడ కండా ఎముకా కాదు, వంశంలో మనిషి ఉన్న చోటు. ఆ తరువాత అశ్వత్థామ వచ్చి, నీ తొడలతోపాటు నీ అభిమానం కూడా విరిగిందా అని నిలదీస్తాడు. దుర్యోధనుడు చివుక్కుమని, రాజులకు అభిమానమే శరీరమని జవాబిస్తాడు. నాటకం పేరులో ఉన్న ‘భంగం’ ఏమిటో మూడుసార్లు మూడు రకాలుగా అడిగించాడు కవి. భక్తి విరిగింది, వాత్సల్యం విరిగింది, అభిమానం మాత్రం విరగలేదు.

సభలో తొడ చరిచి ద్రౌపదిని రమ్మన్న సంగతి మీలో చాలామందికి ఈపాటికి మనసులో మెదిలి ఉంటుంది. పిల్లవాడు ఒడికోసం వచ్చిన ఘట్టంలో కవి ఆ ఊసు ఎత్తడు. ఎత్తి ఉంటే, తగినశాస్తి అని మనం తీర్పు చెప్పి తేలికపడేవాళ్ళము. ఎత్తకపోవడంచేత అది మన లోపలే ఉండిపోయి, ఆ పసివాడి చూపుతో కలిసి మనల్ని ఇబ్బందిపెడుతుంది. ఏ తొడతో ఆడదాన్ని అవమానించాడో ఆ తొడే ఒక బిడ్డకు పడక. రెండూ నిజమే. చెప్పకుండా వదిలేయడం కూడా ఒక అలంకారమే అనుకుంటాను. దానికి మన శాస్త్రగ్రంథాల్లో పేరుంటే పండితులు చెప్పాలి.

భార్యల ఘట్టం చిన్నది. నుదుట, రొమ్మున తగిలిన దెబ్బలు చూపించి, వెన్నుచూపని వీరుని భార్యవు, ఎందుకు ఏడుస్తావని మాలవిని అడుగుతాడు. చిన్నదాన్ని, నీతో ఏడడుగులు నడిచినదాన్ని, ఏడవకేం చేస్తానని ఆమె సమాధానం. పెద్ద పెద్ద క్షత్రియధర్మాల పక్కన ఆ చిన్నమాట పెట్టి కవి ఊరుకున్నాడు. ఏది గెలిచిందో మనకు తెలుసు.

కొడుకుతో చెప్పిన చివరిమాటలు వినండి. నన్ను సేవించినట్టే పాండవులను సేవించు, కుంతిమాట విను, ద్రౌపదినీ, అభిమన్యుని కన్నతల్లినీ నీ తల్లుల్లా చూసుకో, ధర్మరాజు కుడిచేయి పట్టుకుని, పాండవులతో కలిసి నాకు నీళ్ళు వదులు అంటాడు. ఇందాక మేఘాలన్నాడే, ఇప్పుడు అవి కురిసే చోటుకు వచ్చాడు. పిల్లవాడికి ఆస్తిగా పగను ఇవ్వకూడదని ఆయన ఆరాటం. దాయాదితనం తెలియని ఇల్లు మనలో ఎన్ని ఉన్నాయి? పెద్దలు పొలంగట్టు మీద మాట్లాడుకోవడం మానేస్తే, నలభై ఏళ్ళ తరువాత మనుమలు పెళ్ళిపత్రికలు పంపుకోరు. ఎందుకో వాళ్ళకు తెలియదు కూడా. ఊరు విడిచి మూడు తరాలు గడిచినా, భాష సగం మరచినా, ఆ పగను మాత్రం జాగ్రత్తగా మూటగట్టి తెచ్చుకున్నవాళ్ళను నేనెరుగుదును.

కానీ నాటకం అక్కడ ముగియదు. అశ్వత్థామ ఆ మాట వినడు. దుర్యోధనుడు తానే ఒప్పుకుంటాడు. ద్రౌపదిని జుట్టుపట్టి ఈడ్చాము, పసివాడైన అభిమన్యుణ్ణి చంపాము, జూదం పేరుతో వాళ్ళను అడవికి పంపాము, దానిముందు వాళ్ళు నాకు చేసింది ఎంత అంటాడు. అయినా అశ్వత్థామ రాత్రియుద్ధానికి ప్రతిజ్ఞపట్టి, అభిషేకజలం లేకుండా, మాటతోనే దుర్జయుణ్ణి రాజును చేస్తాడు. అప్పుడు దుర్యోధనుడు ఏమనాలి? వద్దనాలి. అనడు. తన మనసులోని కోరిక తీరిందంటాడు! ఈ ఒక్కమాట కొందరికి మింగుడుపడదు, పాత్ర చెడిందంటారు. నాకైతే పాత్ర నిలబడింది ఇక్కడే. కొడుకు తలమీద కిరీటం ఊహించుకుని సంతోషించని తండ్రి నాటకాల్లో ఉంటాడేమోగాని ఇళ్ళలో ఉండడు. ఆ సంతోషం విలువ ఏమిటో, ఆ రాత్రి ఎవరి పిల్లలు నిద్రలో చస్తారో ప్రేక్షకునికి తెలుసు. భారతంలో దుర్యోధనుడు ఆ వార్త విని తృప్తితో కన్నుమూస్తాడు. ఇక్కడ ఆ వార్త పుట్టకముందే పోతాడు. కవి ఆయనకు ఆ ఒక్క దయ చేశాడు.

పోయేముందు ఆయన కళ్ళకు పితృదేవతలు, తమ్ములు, కర్ణుడు, అప్సరసలు, హంసలు పూన్చిన విమానం కనబడతాయి. అందుకే ఇది విషాదాంతం కాదు, స్వర్గప్రాప్తి అని వాదించేవాళ్ళున్నారు. ఆ దర్శనంలో అభిమన్యుడు కూడా ఉన్నాడు, కోపంతో నిందిస్తూ. స్వర్గం వాకిట్లో కూడా ఆ పసివాడు నిలబడి ఉంటే దాన్ని శుభాంతమని నేను అనలేను.

మన పిల్లలు ఇక్కడ బడిలో కన్నడం చదువుతారు. పదో శతాబ్దపు రన్నకవి ‘గదాయుద్ధం’ పేరు వాళ్ళు వినే ఉంటారు. ఆ కావ్యంలో కవి తన ప్రభువును భీముడితో పోల్చి భీముణ్ణే నాయకుణ్ణి చేశాడు. అయినా చదివినవాళ్ళ మనసు దుర్యోధనుని దగ్గరే ఆగిపోతుంది. బి.ఎం. శ్రీకంఠయ్యగారు దాన్నే నాటకంగా కూర్చారు. ఇంట్లో తిక్కన శల్యపర్వం, బడిలో రన్న, మధ్యన భాసుడు. మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చదవగలిగిన అదృష్టం రాజమండ్రిలోనూ వరంగల్లులోనూ ఉన్న పిల్లలకంటే ఇక్కడి మన పిల్లలకే ఎక్కువ. భాష పోతున్నదని ఏడాదికొకసారి ఈ వేదిక మీద బాధపడే మనం ఈ లాభాన్ని కూడా లెక్కలో రాసుకోవాలి.

కొన్నేళ్ళక్రితం మనవాళ్ళే ఈ నాటకాన్ని తెలుగులో వేయబోయి రిహార్సళ్ళు చేశారు. దుర్యోధన పాత్రధారి కంఠం గొప్పది. పిల్లవాణ్ణి వారించే మాటను పద్యం అందుకున్నంత గట్టిగా అనేవాడు. పిల్లవాడేమో నేర్పినట్టు బుద్ధిగా ఏడ్చేవాడు. ఎన్నిసార్లు చేసినా ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఒకరోజు ఆ పిల్లవాడికి జ్వరం వచ్చి, ఇంకొకణ్ణి, నాలుగైదేళ్ళవాణ్ణి, ఏమీ నేర్పకుండా నిలబెట్టారు. వాడు తిన్నగా వెళ్ళి ఆయన ఒడిలో కూర్చోబోయాడు. ఆయన చేయి అడ్డుపెట్టాడు. వాడు ఏడవలేదు. అడ్డుపెట్టిన చేతినీ, ఆయన మొహాన్నీ చూసి, ఎందుకు కూర్చోకూడదని మెల్లగా అడిగాడు. ఆయనకు జవాబు మాట గొంతు దాటి రాలేదు. హార్మోనియం వాయించే ఆయన చేయి తీసేశాడు.

వచ్చే ఉగాదికి ఈ నాటకం వేస్తామని కార్యదర్శిగారు ఇందాక నా చెవిలో అన్నారు. వేస్తే సంతోషం. సైనికుల వర్ణన కత్తిరించకండి. దుర్జయుని వేషం వేసే పిల్లవాడికి మాత్రం ఏడవడం నేర్పకండి.